తుపాకీ గొట్టంలో నూనె

మా నాన్న చేతిలో పడ్డ ఇనుము తుప్పు పట్టిన పాపాన పోలేదు. ఈ గొప్ప నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను. విశాఖపట్నంలో సముద్రం గాలికి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలిపోతాయి. గేటు గొళ్ళెం ఓ రోజు చేతికే ఊడివస్తుంది. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న మా సందులో ఏ ఇంట్లో చూసినా ఇదే ఏడుపు, ఒక్క మా ఇంట్లో తప్ప. ఆదివారం టిఫిను కాగానే నాన్న పొడుగు ముక్కున్న నూనె డబ్బా పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. తలుపు బందులు, గేటు, కుట్టు మిషను, బైకు చైను, ఆఖరికి గొడుగు కూడా వదిలేవాడు కాదు.

ఆయన ఆటోనగర్‌లో ఒక మిషను షాపులో ఫిట్టరు. మామూలు ఫిట్టరు కాదు, మొరాయించిన మిషన్లకి ఆఖరి దిక్కు. ఫ్యాక్టరీల వాళ్ళు కారు పంపించి మరీ పిలిపించుకునేవాళ్ళు. షాపు నుంచి చిన్న సీసాలో స్పిండిల్ ఆయిలు తెచ్చుకునేవాడు. నీళ్ళలా పల్చగా ఉంటుంది. నా చిన్నప్పుడు నాన్న ఎత్తుకుంటే ఆయన చొక్కాలోంచి వచ్చే వాసన అదే.

"మనిసికి అన్నం ఎలాగో ఇనుముకి ఆయిలు అలాగ" అనేవాడు. ఇంట్లో మేమందరం తలాడించేవాళ్ళం. తలాడించక చస్తామా?

ఆ చెయ్యే నా తుపాకీని తినేసింది. నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోమని నీతులు చెప్పేవాళ్ళకి ఒక దండం.

తుపాకీ అంటే ఎయిర్ రైఫిలు. మందుగుండు ఉండదు, గాలితోనే పని. గొట్టాన్ని మధ్యలో విరిచి కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. అప్పుడు గొట్టం మొదట్లో కందిగింజంత సీసపు గుండు పెట్టి, గొట్టం మూసి, గురి చూసి కాల్చాలి. ఒక్కసారికి ఒక్క గుండే. మళ్ళీ కాల్చాలంటే మళ్ళీ విరవాలి, మళ్ళీ పెట్టాలి. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు నాకు గురి ఉందని తేలింది. ఆ తర్వాత ఊళ్ళో ఒక రైఫిల్ క్లబ్బులో చేరాను. అక్కడ ఉన్న ఒక్క మంచి రైఫిలుకీ పదిమంది పోటీ. నా వంతు వచ్చేసరికి చీకటి పడేది. అది చూసి నాన్నే కొత్తది కొని తెచ్చాడు. ఆ మాట ఒప్పుకోవాలి. అడక్కుండా కొన్నాడు. పొడుగాటి అట్టపెట్టె భుజాన వేసుకుని సందులో నడిచి వస్తుంటే ఊరేగింపులా ఉంది.

పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసింది. "ఓలమ్మ, తుపాకీయేటే! లైసెన్సుందేటే?"

"దీనికి లైసెన్సక్కర్లేదు పిన్నీ, ఎయిర్ గన్ను."

"మరి దీనితోటి కాకులు సత్తాయేటి?"

"కాకుల్ని చంపడానికి కాదు పిన్నీ, పోటీలకి."

"సంపడానికి కాపోతే తుపాకీ ఎందుకే?" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

ఆ సాయంత్రమే నాన్న నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "సూడమ్మీ. ఈపాలి జిల్లా సెలక్షన్లో నీ పేరొస్తే నీ ఇష్టం, రాష్ట్రం పోటీలకెల్తావో, డిల్లీ ఎల్తావో, నాను అడ్డురాను. రాపోతే మాత్రం దీన్ని అటకెక్కించీసి ద్వారకా నగర్లో బేంకు కోచింగులో జాయినైపోవాల. డిగ్రీ అయ్యి ఎన్నాళ్ళు ఇలగ? మాట?"

"మాట" అన్నాను. ఎందుకనను? గురి నాది, రైఫిలు నాది. ఎగిరి గంతేశాను.

క్లబ్బు కోచ్ నేవీలో చేసి రిటైరైన మనిషి. వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే కుటుంబంలో పుట్టాడు. ఏ వస్తువునైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. నేనూ నాన్నా కొత్త రైఫిలు తీసుకెళ్ళి చూపిస్తే, విరిచి, మూసి, విని, మెచ్చుకున్నాడు.

"కొత్త స్ప్రింగ్ గన్‌లో కంపెనీవాళ్ళు పెట్టిన నూనె ఉంటుంది బేటా. మొదట్లో పొగొస్తుంది, చప్పుడు గట్టిగా వస్తుంది, గుండు ఎటు పోతుందో దానికే తెలీదు. నువ్వు కంగారుపడకు. ఓపిగ్గా ఒక డబ్బా గుళ్ళు కాల్చు. ఆ నూనె కాలిపోతుంది, స్ప్రింగు సర్దుకుంటుంది. అప్పటిదాకా గురి సంగతి ఎత్తకు" అన్నాడు. తర్వాత నాన్న వైపు తిరిగాడు. "అన్నా, మీకో మాట. దీని లోపలికి ఆయిల్ పోనివ్వొద్దు. ఒక్క చుక్క కూడా. లోపల గాలి నొక్కుకున్న వేడికి ఆయిల్ అంటుకుంటుంది, డీజిల్ ఇంజన్‌లో లాగ. గాలి పోకుండా ఆపే వాషరు కాలిపోతే గన్ పోయినట్టే."

నాన్న నవ్వాడు. "నాకు సెప్తన్నారేటి సార్! నాను ఫిట్టర్ని."

కోచ్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ముగ్గురం బాగానే నవ్వుకున్నాం.

మా డాబా మీద పాత రేకు పెట్టెలో చింకి గుడ్డలు కుక్కి, దాని ముందు అట్టముక్క కట్టి కాల్చడం మొదలుపెట్టాను. మొదటి దెబ్బకి గుండె గుభేలుమంది. దీపావళి టపాకాయంత చప్పుడు! గొట్టం విరిస్తే లోపల్నుంచి అగరొత్తి పొగలా సన్నగా లేచింది. కాలిన నూనె వాసన. ఆరేసిన బట్టలకి చిల్లులు పడతాయని అమ్మ కింద నుంచి అరుస్తోంది. గుళ్ళు ఒకటి అట్ట పైన, ఒకటి కింద, ఒకటి అసలు పెట్టెకే తగల్లేదు. ఓపిక పట్టాను. రైలు పోతున్నప్పుడు ఆగి, పోయాక కాల్చేదాన్ని. రోజులు గడిచేకొద్దీ పొగ పల్చబడింది. చప్పుడు 'ధామ్' నుంచి 'టప్'కి దిగింది. గొట్టం విరవడానికి మొదట మోకాలు ఊతం కావలసి వచ్చేది, తర్వాత చేతికే లొంగింది. ట్రిగ్గర్‌లో మొదట ఉన్న బిగువు కూడా పోయింది. ఒక సాయంత్రం వరసగా కాల్చిన గుళ్ళన్నీ రూపాయి బిళ్ళ కింద దాగేంత చోట పడ్డాయి. ఆ అట్టముక్క పట్టుకుని మెట్లు దిగి నాన్నకి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకేసి పెట్టి చిల్లులోంచి నన్ను చూశాడు. ఇద్దరం ఎంత మురిసిపోయామో.

ఆ తర్వాతే పాడైంది. సోమవారం సాయంత్రం కాలిస్తే మళ్ళీ 'ధామ్'. మళ్ళీ పొగ. గుళ్ళన్నీ పైకి. పోనీ ఇంకా పాత నూనె మిగిలిందేమో అనుకున్నాను. గురువారానికి సర్దుకుంది. మళ్ళీ సోమవారం మొదటికొచ్చింది.

ఇక నా తిప్పలు చూడాలి. భుజానికి ఆనించే కర్రకీ గొట్టానికీ మధ్య ఉండే మరలు వదులైతే గుళ్ళు చెల్లాచెదురవుతాయని కోచ్ అన్నాడు. అన్నీ విప్పి బిగించాను. గురి చూసే పలక కదులుతోందేమో అని పెన్సిలుతో గీత గీసి చూశాను. కదల్లేదు. గుళ్ళు మార్చాను, బరువువి వేశాను, తేలికవి వేశాను. గొట్టం మూసే చోట గాలి పోతోందేమో అని అక్కడ పౌడరు చల్లి కాల్చాను. ఒక్క రవ్వ ఎగరలేదు. గట్టిగా పట్టుకుంటున్నానేమో అని వదులుగా పట్టుకున్నాను. టీ మానేశాను. ఊపిరి లెక్క మార్చాను. కొన్నాళ్ళకి ఇంకో పిడుగు. గుళ్ళు పైకి పోవడం మాని కిందికి జారడం మొదలైంది, గాలి బలం తగ్గినట్టు. తల ప్రాణం తోకకొచ్చింది.

"సోమవారాలే ఎందుకు పాడవుతోంది సార్?" అని కోచ్‌ని అడిగాను.

"ఆదివారం తిని పడుకుంటావు బేటా, సోమవారం బద్ధకం" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆదివారం పొద్దున్న నేను పడుకునేదాన్ని కాదు. పక్క వీధిలో పిల్లలకి ట్యూషను చెప్పడానికి వెళ్ళేదాన్ని. అయినా అనుమానం వచ్చి ఒకరోజు నాన్ననే సూటిగా అడిగాను. "రైఫిలుకి ఆయిలేమైనా పెడుతున్నావా నాన్నా?"

"పైపైన గుడ్డతోటి తుడుస్తన్నాను, అంతే. సముద్రం గాలి కదేటే" అన్నాడు. పేపరులోంచి తల ఎత్తలేదు.

నాన్న అబద్ధం చెప్తాడని ఎందుకనుకుంటాను? అనుకోలేదు. తప్పు నా చేతిలోనే ఉందని అనుకున్నాను. రోజూ చెయ్యి చాపుకుని వేళ్ళ చివరలు చూసుకునేదాన్ని, వణుకుతున్నాయా అని. అలా గంట చూస్తే ఎవరి వేళ్ళైనా వణుకుతాయి.

సెలక్షన్లు రెండు రోజులు. మొదటి రోజే నా వంతు. పొద్దున్న లేచేసరికి రైఫిలు హాల్లో దివాన్ మీద నిగనిగలాడుతూ ఉంది. కర్ర మీద మొహం చూసుకోవచ్చు. బొట్టు కూడా పెట్టాడు. "సర్వీసు సేసీసినాను. ఇంక నీకు తిరుగులేదు" అన్నాడు నాన్న. నేను ఆయన కాళ్ళకి దండం పెట్టాను. అవును, పెట్టాను.

రేంజిలో వరసగా నిలబడ్డాం. కాల్చండి అన్నారు. అందరి తుపాకులూ 'టప్ టప్' అంటుంటే నాది ఒక్కటే టపాకాయలా పేలింది. పక్కమ్మాయి ఉలిక్కిపడి నన్ను తిట్టింది. గొట్టం విరిస్తే గుప్పుమని పొగ. అధికారి వచ్చి చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. గుండు నల్ల చుక్కకి పైన ఎక్కడో పడింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. సరే అని గురి పలక కిందికి దించాను. నాలుగు గుళ్ళు మధ్యలో పడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత నూనె కాలిపోతూ వచ్చింది కాబోలు, గుళ్ళు కిందికి జారడం మొదలైంది. పలక పైకెత్తాను. అంతలో ఇంకో పేలుడు, ఇంకో పొగ, గుండు మళ్ళీ పైకి. దించితే కిందికి, ఎత్తితే పైకి. ఆ తుపాకీ నాతో ఆడుకుంది. నా వెనక కుర్చీల్లో ఎవరో అంటున్నారు, "పాపం, బెదిరిపోయిందిరా." వెనక్కి తిరిగి ఆ నోరు మూయించాలనిపించింది. మిగిలిన గుళ్ళు ఎలా కాల్చానో గుర్తులేదు.

అయిపోయాక కోచ్ నా చేతిలోంచి రైఫిలు తీసుకున్నాడు. చెవులు తుడుచుకునే దూది పుల్ల ఒకటి తీసి, గాలి వచ్చే కంతలో పెట్టి తిప్పి బయటికి తీశాడు. నల్లగా, తడిసి ముద్దైంది. ఆయన మొహం మారిపోయింది. గదిలోకి తీసుకెళ్ళి, బిగింపులో పెట్టి, స్ప్రింగు ఊడదీశాడు. లోపల్నుంచి బల్ల మీదికి నూనె కారింది. వాషరు అంచులు పెనం మీద మాడిన అట్టులా ఉన్నాయి.

"దీంట్లో బజ్జీలు వేసుకోవచ్చు" అన్నాడు. "ఎవరు పోశారమ్మా ఇంత?"

నేను బల్ల మీది నూనెలో వేలు ముంచి వాసన చూశాను. నాన్న చొక్కా వాసన.

కోచ్ బల్ల మీది నూనెని గుడ్డతో తుడిచాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "రేపు రెండో బ్యాచి ఉంది. కమిటీతో నేను మాట్లాడతాను. తప్పు గన్‌ది, పిల్లది కాదని తేలితే క్లబ్బు రైఫిలుతో రేపు కాల్చనిస్తారు. కానీ నా మాట చాలదు, నేను నీ కోచ్‌ని కదా. మీ నాన్నని తీసుకురా. ఆయిల్ నేనే వేశానని ఆయనొక్క ముక్క చెప్తే చాలు."

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ దూది పుల్ల నాన్న ముందు పెట్టాను. ఆయన దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకోగానే తెలిసిపోయింది ఆయనకి. నాకా మొహం తెలుసు.

"రెండు సుక్కలే ఏసినాను" అన్నాడు.

"ప్రతి ఆదివారమా?"

"మరి? ఆరారా పడాల కదేటి. నిన్న కొంచెం ఎక్కువేసినాను. పెద్ద పని కదా అని."

"కోచ్ వద్దని నీ మొహం మీదే చెప్పాడు కదా నాన్నా! నేను అడిగితే గుడ్డతో తుడుస్తున్నానన్నావు కదా!"

"ఆయనకేటి తెలుసే ఇనుము గురించి?" అని గట్టిగానే అన్నాడు గానీ, నా మొహం చూసి తగ్గాడు. నేను ఏడుస్తున్నాను. రేపటి సంగతి చెప్పాను. విన్నాడు.

"వొత్తానులే. సెప్తానులే. రెండు సుక్కలేసినానని సెప్తే నా సొమ్మేటి పోద్ది? ఊరుకో, ఊరుకో. మొకం కడుక్కో" అని నా తల నిమిరాడు. అంతే, నా కోపం సగం దిగిపోయింది. చిన్నపిల్లలా నమ్మేశాను.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. బైకు మీద ఇద్దరం వెళ్ళాం. కమిటీ బల్ల దగ్గర ముగ్గురు పెద్దమనుషులున్నారు. కోచ్ మాడిన వాషరుని కాగితంలో పెట్టి వాళ్ళకి చూపించాడు. మధ్యలో కూర్చున్నాయన నాన్నని చూడగానే కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మీరు ఆటోనగర్ ఫిట్టరు కదూ? మా ఫ్యాక్టరీలో కంప్రెసరు ఎవరివల్లా కాకపోతే మీరొచ్చి గంటలో తిప్పేశారు. గుర్తున్నానా?" అని పక్కవాళ్ళకి కూడా చెప్పాడు. "ఈయన చెయ్యి పడితే ఇంక తిరుగులేదండీ."

నాన్న నడుం నిటారైంది. "గుర్తున్నారు సార్."

"మరి ఈ గన్‌లో ఆయిల్ మీరే పోశారంటున్నారేంటండీ కోచ్ గారు? ఎయిర్ గన్‌లో ఆయిల్ పోయకూడదని ఎల్‌కేజీ పిల్లలకి కూడా తెలుసు. మీకు తెలీదంటే నేను నమ్ముతానా?" అని ఆయన నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు.

నాన్న అరచేతులు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. నా వైపు చూడలేదు. కోచ్ వైపు కూడా చూడలేదు. ఆ కాగితంలోని నల్లటి ముక్కకేసి చూస్తున్నాడు.

"నానెందుకేత్తాను సార్" అన్నాడు. "నా సేతిలో పడ్డ మిషను ఏదైనా పాడయినాదా ఇప్పటికి? కంపెనీ సరుకే అలాగుంటాది. మా గుంట పిల్ల కొత్త కదా సార్, జనాన్ని సూసి బెదిరింది. సెయ్యి వొణికింది."

"అబద్ధం!" అన్నాను. "రాత్రి ఒప్పుకున్నావు! నువ్వే పోశావు!" నా గొంతు రేంజి అంతా వినిపించింది. తుపాకులు పట్టుకున్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఓడిపోయినప్పుడు తుపాకీ మీదకి తోసెయ్యడం మామూలేనమ్మా" అన్నాడు మధ్యలో కూర్చున్నాయన, మంచిగానే. "నాన్నగారి మీద అలా అరవకూడదు. వచ్చే ఏడు చూద్దాం." కోచ్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా భుజం తట్టి, రేంజిలోకి వెళ్ళిపోయాడు. వచ్చే ఏడు లేదని ఆయనకి తెలుసు. నాన్నకిచ్చిన మాట సంగతి ఆయనకి ముందే చెప్పాను.

మా నాన్నకి నేనంటే ప్రాణం. ఇప్పటికీ అంతే, ఎవరినడిగినా చెప్తారు. ఆయన నా మీద పగబట్టి ఆ పని చేసి ఉంటే నాకింత మంట ఉండేది కాదు. పగబట్టినవాడితో జన్మలో మాట్లాడకుండా ఉండొచ్చు. తన పేరా నా పేరా అన్న చోట ఆయనకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అదీ నా కడుపుమంట.

తిరిగి వచ్చేటప్పుడు బైకు మీద వెనక కూర్చున్నాను గానీ ఆయన్ని పట్టుకోలేదు, వెనక కమ్మీ పట్టుకున్నాను. కంచరపాలెం మెట్టు దగ్గర హోటలు ముందు ఆపాడు. "టిఫిన్ తినీసి ఎల్దుము" అన్నాడు. దిగాను. ఎదురెదురుగా కూర్చున్నాం. ఇడ్లీ తిన్నాం. ఆయన గొంతు సవరించుకుని, ద్వారకా నగర్లో కోచింగు సెంటర్లో ఏసీ కూడా ఉంటుందట, ఎవరో చెప్పారు, సోమవారం కొత్త బ్యాచి మొదలవుతుందట, అన్నాడు.

టీ వచ్చింది. హోటలువాడు గ్లాసు అంచుదాకా పోసి, తొణక్కుండా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను ఆ గ్లాసుని రెండు వేళ్ళతో ఎత్తి, చెయ్యి బారుగా చాపి, నాన్న కళ్ళకెదురుగా గాల్లో నిలబెట్టాను. గ్లాసు కాలుతోంది. అలాగే ఉంచాను. ఒక్క చుక్క ఒలకలేదు.

నాన్న ఆ గ్లాసు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీలోంచి రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు.

"సల్లారిపోద్ది, తాగు" అన్నాడు.